పాల డిపో వెనక చదువు

మా అక్క పశువుల డాక్టర్లు కాబోయేవాళ్ళకు ఆపరేషన్లు చేయడం నేర్పుతుంది. ఎక్కడని అడిగినవాళ్ళకు యూనివర్సిటీ పేరు చెబితే తెల్లమొహం వేస్తారు. "అదేనండీ, పాల డిపో వెనక" అంటే, "ఓహో, అక్కడ చదువు కూడా చెబుతారా?" అంటారు. బస్సు కండక్టరు కూడా పాల డిపో అనే కేకేస్తాడు.

పేరు లేదంటే ఎలా ఉంటుంది? ఒక పేరు నలుగురి నోళ్ళలో పడుతోందనగానే యూనివర్సిటీ పెద్దలు దాన్ని మార్చేస్తారు. ఇప్పటికి మూడో పేరు. గేటుకు బోర్డు పెట్టండయ్యా అంటే, ఆ డబ్బుతో ముందు ఆపరేషన్ గదికి మంచి లైటు కావాలంటారు అక్కవాళ్ళు. అక్కడ తయారైన మెరికల్లాంటి పిల్లలు పేరున్న చోట్ల ఉద్యోగాలకు పోతారు. గొప్పంతా ఆ చోట్లదే అవుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. అక్కకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

అక్క కూతురికి అక్కడా సీటొచ్చింది, దూరాన ఉన్న పేరుమోసిన యూనివర్సిటీలోనూ వచ్చింది.

"మీ దగ్గర ఎలా నేర్పుతారో దానికి ఒక్క మాట చెప్పు. నోటి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను.

"సొంత డబ్బా కొట్టుకోమంటావా? దాని చదువు, దాని ఇష్టం."

ఇష్టమట! ఆ వారమే తన తెల్లకోటు ఒకటి ఉతికి, కూతురు సన్నగా ఉంటుందని పక్కలు బిగించి కుట్టింది. నేను చూశాను. పిల్ల మాత్రం, "అక్కడైతే పేరు చెప్పగానే అందరికీ తెలుస్తుందమ్మా" అంది. అక్క సరేనంది. కోటు మడిచి బీరువాలో అడుగున పెట్టింది.

పిల్ల ఆ దూరపు యూనివర్సిటీలో చేరి ఏడాది గడిచింది. ఒక సాయంత్రం నేను అక్కవాళ్ళ వంటింట్లో బీన్స్ తుంచుతుంటే పిల్ల ఫోన్ చేసింది. చేతులు తడిగా ఉన్నాయని అక్క స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఇవాళ మా సర్జరీ సార్ నాది ఏ ఊరని అడిగారు. చెప్పగానే నీ పేరెత్తారు. ఆయన నీ దగ్గరే చదివారట. మొదటి కోతకు చెయ్యి వణికితే నువ్వు నీ చెయ్యి పైన పెట్టి నడిపించావట. 'ఆవిడ ఉన్న ఊళ్ళో పుట్టి ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?' అన్నారు. నీ కూతుర్నని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాకెందుకు చెప్పలేదమ్మా?"

అక్క స్టవ్ కట్టేసింది.

"నువ్వు వస్తావని చాలా ఆశపడ్డానే," అంది. కూతురితో ఆ మాట అనడం అదే మొదటిసారి. కొంగుతో కళ్ళొత్తుకుంది.

పిల్ల అడిగింది: "పై చదువుకి అక్కడికి రావచ్చా?"

"పరీక్ష రాయాలి. నా కూతురివని ఎవరూ చూడరు. కోటు మాత్రం సిద్ధంగా ఉంది."

"ఏ కోటు?"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు దగ్గర మొదలుపెట్టి తన పని గురించి, తన దగ్గర చదివే పిల్లల గురించి చెబుతూనే ఉంది. నేను లేచి స్టవ్ వెలిగించి, కూర సంగతి చూసుకున్నాను.