బావ కాళ్ళకు చాలిన సీటు

మా బావ పోయాడు. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "ఇంక బండి తియ్యక్కర్లేదురా" అని పెట్టేసింది. ఆ రోజు డయాలసిస్ వంతు. నేను అప్పటికే హెల్మెట్ పెట్టుకుని వాకిట్లో ఉన్నాను.

ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానం వాళ్ళకు ఈ వంతుల సంగతి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెబుతున్నాను. మందస పక్క మా ఊరి నుంచి పలాస డయాలసిస్ సెంటర్‌కు వారానికి మూడుసార్లు బావను నా బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళి తెచ్చేవాణ్ణి. ఆటో అంటే వినేవాడు కాదు. "ఆటో ఎక్కితే రోగినిరా. బండెక్కితే నీ బావని" అనేవాడు. మనిషి తాటిచెట్టంత. మోకాళ్ళు నా పక్కటెముకల్లో గుచ్చుకునేవి. తిరుగు దారిలో పిక్కలు పట్టేసేవి. జీడితోటల దగ్గర ఆపించి, దిగి, కాలు నేలకేసి కొట్టుకునేవాడు. ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాను రాలేన్రా. ఇంక ఒగ్గెయ్" అన్నాడు. రాకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది.

"సీటు మారుద్దాం బావా" అన్నాను.

అంతే, హుషారొచ్చేసింది. సెంటర్ బయట నిలిపిన బళ్ళన్నీ ఎక్కి కూర్చుని చూడటం మొదలెట్టాడు. ఎవరివో ఏమో!

"దిగు బావా, పరువు తీత్తన్నావు."

"నీ పరువులో కాళ్ళు సాపుకునే జాగా ఉందేటి?"

పలాసలో సీట్లు కుట్టే కొట్టులో పొడుగాటి ఎత్తు సీటు వేయించాం. బావ ఎక్కి, ఊగి, "మా బాగుంది" అన్నాడు. అక్కడే తప్పు చేశాం. అది డయాలసిస్‌కు వెళ్ళే ముందు. అప్పుడు ఒంటినిండా నీరు, ఏ సీటైనా మెత్తగానే ఉంటుంది. ఆ నీరు తీసేశాక మిగిలేది ఎముకలే. సగం దారిలోనే "ఇది రాయిరా" అన్నాడు.

తర్వాతి వంతులో, మంచం దిగి నిలబడలేని మనిషి నా భుజం పట్టుకుని ఆ కొట్టుకే బయల్దేరాడు. ఇంటికి పోదాం పద అని కేకలేశాను.

"నీరసమున్నప్పుడే సూసుకోవాల్రా కొలత. బాగున్నప్పుడు అన్నీ బాగానే ఉంతాయి."

కొట్టాయన ఫోము తీసి, కోసి, మళ్ళీ వేశాడు. బావ ఎక్కడం, దిగడం, "ఇంకొంచెం ఎనక్కి" అనడం. ఆఖరికి కాళ్ళు చాపుకుని కళ్ళు మూశాడు. గబుక్కున ముక్కు దగ్గర వేలు పెట్టాను. చూస్తే గురక!

ఆ తర్వాత ఒక్క వంతూ మానలేదు. దారంతా కబుర్లే. చివరికి నిద్రలో గుండె ఆగి పోయాడు, వంతు తప్పి కాదు. అది తలుచుకుని ఊరట పడమంటారు అందరూ. పడుతున్నాను. కానీ ఇంట్లో ఓ చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను, ఏం చెయ్యను?

నిన్న టెక్కలి వెళ్తుంటే దారిలో ఒకాయన లిఫ్టడిగి ఎక్కాడు. "ఎనక ఎంత జాగా వదిలేరండి, మీరు ట్యాంకు మీద కూకున్నారేటి?" అన్నాడు. ఆయన అనేదాకా నేను చూసుకోనేలేదు. ఆయన దిగిపోయాక కూడా నేను వెనక్కి జరగలేదు.