మా మామ చేసిన ఆఫ్రికా సింహం

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ని కాబట్టి, ఆ రోజుల్లో నాకున్న ఆస్తి నోరొక్కటే. నలుగురు నవ్వితే ఆ పూట అన్నం కూడా అక్కర్లేదనుకునే వయసు. ఆ నోరు చూసే, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో కొత్తగా పెట్టిన సఫారీ పార్కులో నా చేతికి మైకు ఇచ్చారు. పార్కంటే ఇరవై ఎకరాల పడావు పడ్డ బీడు భూమి, అక్కడక్కడా ఫైబరు జంతువులు. ఆఫ్రికాలో గడ్డి పసుపుపచ్చగా ఉంటుందని ఓనరు సారు టీవీలో చూశాడట, నీళ్లు పెట్టొద్దని హుకుం (మా దగ్గర ఎండాకాలం ఆ పని ఎవరూ చెప్పకుండానే అవుతుంది). తుమ్మచెట్లను గొడుగుల్లా కత్తిరించారు. జీబ్రా చారలు వేసిన ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని తిప్పుతూ, ఫోనులో చూసి బట్టీపట్టిన ఆఫ్రికాను నేను అప్పజెప్పేవాణ్ని. పక్క ఊరి బర్రెలు కంచె దూరి వస్తే అవి అడవిదున్నలు. వాటి వెనక కర్ర పట్టుకుని ఉరికే ముసలాయన ఫారెస్టు ఆఫీసరు.

సింహం బొమ్మ చేసే పని మా మామకు ఇప్పించింది నేనే. నచ్చితే జిరాఫీలు, ఏనుగులు కూడా ఆయనకే అన్నారు. గుండ్లపోచంపల్లిలో రేకుల షెడ్డు వేసుకుని వినాయకులను, అమ్మవార్లను చేసేవాడు మామ. ముప్పై ఏళ్లుగా చేసిందంతా పండుగ కాగానే చెరువు పాలు. ఇదీ నేను చేసింది అని చూపడానికి ఒక్కటీ మిగల్లేదు. అందుకే నన్ను మూడుసార్లు అడిగాడు: "గిది నీళ్లల్ల ఎయ్యరు గదరా?"

నా ఫోనులో సింహాల వీడియోలు అరిగిపోయేదాకా చూశాడు. పంజా అచ్చంగా దిగింది, ఆ గోళ్లు చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. కానీ చేతికి అలవాటైన దారి ఒకటుంటుంది కదా. జూలు ఉంగరాలు ఉంగరాలుగా తీర్చినట్టు వచ్చింది, కళ్లకు కాటుక వచ్చింది, మొహం మీద దీవెనలిస్తున్నట్టు ఒక చిరునవ్వు.

పార్కు తెరిచిన రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తతో ట్రాలీ చివర కూర్చున్నాడు. ఎక్కేముందు అత్త నా చెవిలో అంది: "మైకుల మీ మామ పేరు ఒక్కసారి చెప్పు కొడుకా. ఆయన అడగడు."

చెబుదామనే అనుకున్నాను. ట్రాలీ సింహం ముందు ఆగింది, జనం నోళ్లు తెరిచి చూస్తున్నారు, నా నోరు ఆగలేదు. "భయపడకుండ్రి. అమ్మవారు చీరలు కొననీకె మేడ్చల్ పోయింది, బండి ఈడ పార్కింగ్ జేసింది."

ట్రాలీ నవ్వులతో ఊగిపోయింది. ఓనరు సారు కళ్లు తుడుచుకున్నాడు. ఒకామె చెప్పులు విడిచి దండం పెట్టింది. ఆ నవ్వుల మీద మామ పేరు చెబితే ఆయన్ని నిలబెట్టి నవ్వులపాలు చేసినట్టు అవుతుందని మింగేశాను. అంతటితో ఊరుకున్నానా, ప్రతి ట్రిప్పులోనూ అదే జోకు. వారానికల్లా సింహానికి కుంకుమ బొట్లు, ముందు కొబ్బరిచిప్పలు. "నేను పెట్టింది సఫారీయా, గుడియా?" అని ఓనరు సారు దాన్ని ఆటోలో షెడ్డుకు పంపించేశాడు. జిరాఫీలు వేరే ఎవరికో పోయాయి. నా మైకు మాత్రం నా దగ్గరే ఉంది.

ఆ దసరాకు బస్తీ పిల్లలు అడిగితే, సింహాన్ని అమ్మవారి కింద పెట్టుకోమన్నాడు మామ. నిమజ్జనం నాడు దాన్ని దింపి తెచ్చుకోవడానికి పోలేదు.

చాలా రోజులకు ధైర్యం చేసి షెడ్డుకు వెళ్లి, ఆనాటి మాట ఎత్తాను. మామ మట్టి పిసుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "జనం నవ్విండ్రు గదరా. నేను సుత నవ్విన."

పక్కన బియ్యం చెరుగుతున్న అత్త చేట ఆపింది. "నవ్వలే. నేను పక్కకే కూసున్న."

ఇప్పుడు ఆ ఆఫ్రికా అంతా ప్లాట్లయింది. మామ లేడు. పెళ్లిళ్లలో చుట్టాలు ఇప్పటికీ ఆ జోకు చెప్పమంటారు, నేను చెబుతాను కూడా, బుద్ధి ఎక్కడికి పోతుంది. ఇంతా రాసి ఆయన పేరు రాయలేదేమని మీరడగొచ్చు. రాద్దామనే కూర్చున్నాను. కానీ పార్కింగ్ మాట దగ్గర మీరూ నవ్వే ఉంటారు. రాస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు పక్కన ఆయన పేరు పెట్టడానికి ఈసారీ చెయ్యి రాలేదు.