టోటల్ మార్కుల ఆంబోతు

ఏ ప్రశ్నకైనా జవాబు ఒక పట్టికలో ఉంటుందని, దొరక్కపోతే ఆ పట్టికలో ఒక నిలువు వరుస తక్కువైందని అర్థమని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. కాన్సస్‌లో డేటా ఎనలిటిక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. సరుకులకు ఒక పట్టిక, గిన్నెలు తోమే వంతులకు ఒక పట్టిక, ఏ పట్టిక ఏ ఫైల్లో ఉందో చెప్పడానికి ఇంకో పట్టిక ఉండేవి. (గిన్నెలు మాత్రం సింకులోనే ఉండేవి.) ఆ వేసవిలో పశువుల రికార్డులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీ నన్ను ఇంటర్న్‌గా తీసుకుని, ఊరికి రెండు గంటల దూరంలో మాంసం కోసం ఆవులను పెంచే ఒక రాంచ్‌కి పంపింది. ఆ మందకు కృత్రిమ గర్భధారణ చేయించడానికి మంచి ఆంబోతులను ఎంచడంలో యజమానికి సాయపడటం నా పని. తెనాలిలో పెరిగిన నాకు అప్పటిదాకా రోడ్డు మీద ఆవును స్కూటర్‌తో తప్పించుకుపోవడం తప్ప వాటితో వేరే పరిచయం లేదు. అమ్మకు ఫోన్‌లో పాడి పరిశ్రమ అని చెప్పాను. ఆవిడ సంతోషించి, రోజూ ఒక గ్లాసు పాలు తాగమంది.

రాంచ్‌లో ఉండేది ఇద్దరే, పెద్దాయన, పెద్దావిడ. పెద్దాయన నన్ను ‘సన్’ అని పిలిచేవారు. నా పేరు నోరు తిరగక అలా అంటున్నారనుకున్నాను గానీ, తర్వాత తెలిసింది, నోరు తిరిగే పేర్లున్నవాళ్లనీ ఆయన అలాగే పిలుస్తారని. పెద్దావిడ వంటింటి తలుపు దగ్గరికి రోజూ ఒక నల్ల పెయ్య వచ్చి నిలబడేది. పుట్టినప్పుడే తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచారట. నుదుట గుండీ అంత తెల్లమచ్చ ఉందని దానికి ‘బటన్’ అని పేరు పెట్టారు. మిగతా పశువులన్నీ చెవి ట్యాగుల మీద నంబర్లతో బతికేవి. నంబర్ లేకుండా పేరుతో ఉన్న ఆ ఒక్కటి నా పట్టికలో ఇమడక నన్ను కొంత ఇబ్బంది పెట్టిన మాట నిజం.

ఆంబోతులు రాంచ్‌కి రావు, వాటి కేటలాగు వస్తుంది. ఒక్కో పేజీలో ఒక ఆంబోతు ఫొటో, కింద దానికి పుట్టే దూడల గురించి వరసగా అంకెలు: పుట్టినప్పటి బరువు, ఈనడంలో సులువు, పాలు మాన్పించే నాటి బరువు, ఏడాది బరువు, మాంసం నాణ్యత. నచ్చినదాని వీర్యం గడ్డకట్టించిన సన్నటి గొట్టాల్లో తెప్పించుకుంటారు. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫొటోలు మాత్రమే చూసేవారు. తొలిచూలు పెయ్యలకు భుజాలు సన్నగా, తల చిన్నగా ఉన్నదే కావాలని చెప్పి, అలాంటి పేజీల మూల మడిచేవారు. ఫొటో డేటా కాదని నేను వినయంగానే మనవి చేశాను. (వినయంగానే అని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పటి నా గొంతు ఎలా ఉండేదో రూమ్మేట్‌కి తెలుసు.)

మూడు వారాలు కూర్చుని నలభై ఆంబోతులకు ప్రోగ్రెస్ కార్డు తయారుచేశాను. ఒక్కో అంకెనూ వంద మార్కులకు మార్చి, అన్నీ కూడి, టోటల్ వేసి, ర్యాంకులిచ్చాను. మా స్కూల్లో నాకు తెలిసిన న్యాయం అదే. పుట్టిన బరువు ఎక్కువ ఉన్నవాటికి ఎక్కువ మార్కులు వేశాను. అందులో నాకు క్షణమైనా సందేహం రాలేదు. మా ఇళ్లల్లో ఎవరికి బిడ్డ పుట్టినా మొదట అడిగేది ‘ఎన్ని కేజీలు?’ అనే కదా. మూడున్నర అంటే స్వీట్లు పంచుతారు, రెండున్నర అంటే తల్లిని ఓదారుస్తారు. బరువుగా పుట్టడం లోపమని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పిన ఒక్కడూ నా రూమ్మేట్. కరీంనగర్ దగ్గర పల్లె వాడు, ఇంట్లో బర్రెలున్నవాడు. వారాంతంలో నేను గదికి వెళ్లినప్పుడు నా పట్టిక చూసి పడీపడీ నవ్వాడు. “ఆంబోతుకి టోటల్ మార్కులేందిరా భయ్? గింత పెయ్యకు గంత దూడ పడితే ఎట్ల ఈనుతది? జర ఆ ముసలాయనను అడుగు.” ఈనడంలో సులువుకు విడిగా మార్కులున్నాయని, ఫస్ట్ ర్యాంకు ఆంబోతు అందులో తప్పినా మిగతా సబ్జెక్టుల్లో లాక్కొచ్చిందని వివరించాను. వాడు నవ్వడం మానేసి, “నువ్వు చెప్తే వినవు తియ్” అని పోయాడు.

పెద్దాయన నా కాగితం చాలాసేపు చూశారు. నేను పడ్డ కష్టం ఆ రంగురంగుల గళ్లలో కనబడి ఉండాలి. చివరికి, ముదురు ఆవులకు నా ఆంబోతును వాడదాం, పెయ్యల్లో నాలుగింటికి మాత్రం ప్రయోగంగా చూద్దాం, ఏ నాలుగో నువ్వే రాయి అన్నారు. పెయ్యలకూ నేను ర్యాంకులు వేసి ఉంచాను. ఫస్ట్ ర్యాంకు బటన్‌ది. టాపర్‌కి టాపర్, ఇంతకంటే ఈడూజోడూ ఏముంటుందని దాని పేరే మొదట రాశాను. అది చదివి ఆయన తల ఎత్తారు. “ఖాయమేనా, సన్?” అని ఒక్క మాట అడిగారు. ఖాయమన్నాను. ఆయన మడిచిన పేజీలన్నీ నా చేతి కిందే ఉన్నాయి.

మార్చిలో సెలవులకు, నీ దూడలను చూసుకుందువు గాని రమ్మని పెద్దావిడ పిలిచారు. రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్లాను, ఓడిపోయినవాడు స్వయంగా చూడాలని. మేం వెళ్లిన మధ్యాహ్నమే బటన్ నొప్పులు పడుతోంది. రెండు గిట్టలు కనబడుతున్నాయి, నా పిడికిలి కంటే పెద్దవి. దూడ రావడం లేదు. పశువుల డాక్టరు ఇంకో రాంచ్‌లో ఉన్నాడు, రావడానికి గంట పడుతుంది. పెద్దాయన దూడ కాళ్లకు గొలుసులు వేసి లాగుతుంటే రూమ్మేట్ చొక్కా విప్పి పక్కన చేరాడు. నేను చేయగలిగింది ఏమిటని చూసుకుంటే, నా చేతిలో నోట్‌బుక్ ఉంది. పెద్దావిడ బటన్ తల ఒళ్లో పెట్టుకుని దానితో ఏదో మెల్లగా మాట్లాడుతున్నారు. చివరికి దూడ వచ్చింది. చాలా పెద్దది, చాలా అందమైనది, ప్రాణం లేనిది. బటన్ లేవలేదు. డాక్టరు వచ్చి, తుంటి నరాలు దెబ్బతిన్నాయని చెప్పాడు. మూడు రోజులు దాన్ని లేపాలని చూశారు. నాలుగో రోజు అది పోయింది. మిగతా మూడు పెయ్యలూ గొలుసులతోనే ఈనాయి, తల్లీ పిల్లా బతికాయి. ప్రయోగంలో డెబ్బై అయిదు శాతం ఫలితం. ఆ అంకెను నేను ఏ పట్టికలోనూ రాయలేదు.

బటన్ పోయిన సాయంత్రం భోజనాల దగ్గర పెద్దావిడ, దానికి ఆ ఆంబోతును ఎవరు ఎంచారని అడిగారు. గొంతులో కోపం లేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగారు. నేను నోరు తెరిచాను. ఈలోగా పెద్దాయన, బంగాళదుంపల గిన్నె నా వైపు జరుపుతూ, “నేనే. ఈసారి కొంచెం ఆశపడ్డాను” అన్నారు. నేను గిన్నె అందుకుని వడ్డించుకున్నాను. రూమ్మేట్ బల్ల కింద నా కాలు తొక్కాడు. అయినా తిన్నాను. 

ఇప్పుడు కాన్సస్‌కి దూరంగా, అల్ఫారెట్టా అనే ఊళ్లో ఉద్యోగం. ఏ పట్టిక వేసినా ప్రతి నిలువు వరుస పైనా ‘ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా?’ అని ఒక గడి పెడతాను. టీమ్‌లో పిల్లలు దాన్ని నా చాదస్తమంటారు. మొన్న మాకు అమ్మాయి పుట్టింది. ఊరి నుంచి అందరూ ఎన్ని కేజీలని అడుగుతుంటే, ఆరేళ్లుగా గొంతులో ఉన్నది ఇక ఆగక రాంచ్‌కి ఫోన్ చేశాను. పెద్దావిడ ఎత్తారు. అమ్మాయి సంగతి చెప్పి, వెంటనే బటన్ సంగతి చెప్పాను. 

“తెలుసు. అంత పెద్ద తల ఉన్నదాన్ని మా ఆయన జన్మలో ఎంచడు. ఎంచింది ఎవరని కాదు నేనడిగింది. నువ్వు చెప్తావేమో చూద్దామని.”

క్షమించమన్నాను. ఎప్పుడో క్షమించానన్నారు. పెద్దాయన పక్కనే ఉన్నారని, చెవులు బాగా తగ్గాయని, ఆయనతో కూడా చెప్పనా అని అడిగారు. చెప్పమన్నాను. బటన్ ఆంబోతును తానే ఎంచానని కుర్రవాడు ఒప్పుకుంటున్నాడని ఆవిడ ఆయన చెవిలో గట్టిగా అరవడం వినబడింది. తర్వాత, తీరుబాటుగా ఆయన గొంతు వచ్చింది.

“ఏ ఆంబోతు?”

ఫోన్ పెట్టేశాక, ఆ బల్ల దగ్గర గిన్నె అందుకుంటున్న ఆ కుర్రవాడిని తలుచుకుని నవ్వుకున్నాను. వాడికి ఆ రోజు నేనైతే ఎన్ని మార్కులు వేసేవాణ్ణో చూద్దామని మొదలుపెట్టి, మధ్యలో మానేశాను. పాపకు పాలు పట్టే వేళయింది.