కుడి కాలి మెట్టె

పొద్దున కాఫీ అయ్యాక నా చేతులకి ఏదో పని మరిచిపోయినట్టుంటుంది. కిటికీ పక్కన స్టూలు, కట్లు విప్పి వేసే పళ్ళెం అలాగే ఉన్నాయి. స్టూలు మీద మా ఆవిడ కాలే లేదు. ఆమె పోయి ఏడాదైంది.

ఆమెకి షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. కుడి కాలి రెండో వేలికి మెట్టె ఒరుసుకుని పుండు పడితే, నా కంట పడేదాకా ఆ సంగతే ఎరగదు. రాజమండ్రి ఆసుపత్రిలో పుళ్ళకి కట్లు కట్టే సిస్టర్ గారు ముందు ఆ మెట్టెని కత్తిరించారు. పుండు కడుగుతున్నంతసేపూ కిమ్మనని మనిషి, మెట్టె తెగగానే ఏడ్చింది.

"ఆయన ఉండగా మెట్టె తీయటమేంటండీ?"

"మానాక పెట్టుకుందురుగానండి" అన్నారావిడ.

పెళ్ళిలో ఆమె కాలు సన్నికల్లు మీద పెట్టించి ఆ మెట్టెలు తొడిగింది నేనే. వేలు మానితే మళ్ళీ నేనే తొడుగుతానని మాటిచ్చి, ఆ రోజే కొత్త జత కొన్నాను.

కట్టు కట్టడం నా వంతు. మొదట్లో పొడి గాజుగుడ్డ బిగించి కట్టేవాణ్ణి. మర్నాడు ఊడదీస్తే అది పుండుకి అంటుకుని, అప్పుడే వస్తున్న లేత చర్మాన్ని కూడా పీక్కొచ్చేది. పైగా త్వరగా ఆరాలని ఫ్యాను కింద పెట్టేవాణ్ణి. సిస్టర్ గారు చీవాట్లు పెట్టారు.

"ఆరబెట్టకండి, నానబెట్టకండి. రసి కారుతోంది కదండీ, దాన్ని పీల్చుకునేది వేయాలి."

స్పాంజిలా మెత్తగా ఉండే డ్రెస్సింగ్ ఇచ్చారు. రసి అంచుదాకా వస్తే మార్చాలి, లేకపోతే మూడు రోజులు ముట్టుకోకూడదు. నారుమడికి తడి ఉండాలి, నీరు నిలవకూడదు. ధవళేశ్వరం కాలవల ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసినవాడికి ఆ మాత్రం అర్థమవుతుంది.

"మొత్తానికి నలభై ఏళ్ళకి నా కాళ్ళు పట్టుకున్నారు" అనేది నవ్వుతూ.

"కదలకు" అని విసుక్కునేవాణ్ణి. కట్టు మార్చే ఆ అరగంటలోనే, చిన్నప్పుడు గోదావరి లంకలో పుచ్చపాదుల మధ్య ఉత్తకాళ్ళతో పరిగెత్తిన కబుర్లు చెప్పేది. అంతకుముందు నలభై ఏళ్ళలో నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు. పుండు కందిగింజంతకి వచ్చింది. ఇంకో పది రోజులు చాలన్నారు సిస్టర్ గారు.

ఇంతలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పేరంటాళ్ళ ముందు బోసి వేలితో కూర్చోలేక, నేను బజారుకి వెళ్ళినప్పుడు కట్టు అంచు విప్పి, కొత్త మెట్టె వేలికి దూర్చి, మళ్ళీ అంటించేసింది. పూజయ్యాక తీద్దామనుకుందట, తీయబుద్ధి కాలేదట. వేలికి నొప్పి తెలీదు. మూడు రోజులు ముట్టుకోకూడదన్న మాట నేను తు.చ. తప్పకుండా పాటించాను. నాలుగో రోజు వాసనొచ్చింది. విప్పితే వేలు నల్లబడి ఉంది.

"బుద్ధుందా నీకు? వేలు కావాలా, వెండి ముక్క కావాలా?" అని అరిచాను.

"మీకేమైనా అయితేనో?" అంది.

వేలు తీసేశారు, పాదం దక్కింది. ఆ కోతకి కూడా నేనే కట్లు కట్టాను, మానింది. మానాక కూడా రోజూ కాఫీ అయ్యాక పాదాలు స్టూలు మీద పెట్టించి, వేళ్ళ సందులు తుడిచి చూసేవాణ్ణి. ఇక ఏ వేలికీ మెట్టె పెట్టొద్దన్నారు డాక్టరు గారు. అప్పట్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆమె కుడి పాదాన్ని చీర అంచు కింద దాచుకునేది. చెప్పుల షాపులో కూడా దాచుకుంది. అరవకుండా ఉండాల్సిందని ఇప్పుడు రోజూ అనుకుంటాను.

పోయినేడు నిద్రలోనే గుండె ఆగిపోయింది. ముత్తైదువగా వెళ్ళిందని ఆడవాళ్ళు పసుపు రాశారు, బీరువాలోంచి ఆ కొత్త జత మెట్టెలు తెచ్చారు. ఎడమ కాలికి పెట్టారు. కుడి కాలి దగ్గర ఆగి నా వైపు చూశారు.

నేను కింద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. అలవాటు కొద్దీ వేళ్ళ సందుల్లో తడి తుడిచాను. మాటిచ్చిన మెట్టె మూడో వేలికి తొడిగాను.

నాకేమీ కాలేదు. ఇదిగో, ఇంకా ఉన్నాను.