చెడిపోలేదు, చెబుతోంది

కార్ఖానాలో ఆమెకు మొండిఘటం అని పేరు. మందుల పెట్టెలకు అంటించే ముద్రల కోసం వెలిగే స్ఫటికాలు పెంచడం ఆమె పని. ఊదారంగు దీపం కింద అసలు ముద్ర వెలుగుతుంది. దొంగముద్ర మొహం వేలాడేస్తుంది.

"కాస్త సీసం వెయ్యమ్మా, జిగేల్‌మంటుంది. లోకమంతా అదే వేస్తోంది" అనేవాడు యజమాని.

"ఆ లోకం పారేసిన సీసాన్ని కరిగించేది మా అక్కలాంటి వాళ్లండీ."

అక్క పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో చేసింది. సీసం ఒంట్లో చేరింది. ఇప్పుడు గ్లాసు ఎత్తితే సగం నీళ్లు చీరే తాగుతుంది. సీసం చవకంటారు గానీ, ఎవరి చేతులు పోతే చవకైందో ఒక్కరూ అడగరు. అందుకే చెల్లెలు రవ్వంత సీసం లేకుండా, మాంగనీసుతో పచ్చగా వెలిగే స్ఫటికం పెంచింది.

ఆ సంగతి చెబితే, "సీసా లేకుండా మందెందులో పోస్తారే?" అని అక్క పగలబడి నవ్వింది.

"సీసా కాదక్కా, సీసం!"

ఆసుపత్రి మందుల గది చూసుకునే పెద్దావిడ పరీక్షకు వచ్చింది. ఈ పరీక్షలో ముద్ర తప్పితే మళ్లీ సీసమేనని యజమాని ముందే తేల్చేశాడు. కొత్త ముద్రలు అంటించిన మందు పెట్టెల మీద ఊదారంగు దీపం వేశారు. పెట్టెలన్నీ పచ్చగా వెలిగాయి, కిటికీ కింది పెట్టె తప్ప. అది ఎర్రగా వెలిగింది.

"చెడిపోయింది! నేను చెప్పలా?" అన్నాడు యజమాని.

మొండిఘటం కిటికీ దగ్గరికి నడిచింది. పెట్టె ఎత్తితే అడుగు అట్ట మెత్తగా తగిలింది. కిటికీలోంచి వాన జల్లు కొట్టినట్టుంది. విప్పింది. మాత్రలు ఉబ్బి ముద్దయ్యాయి.

"ముద్ర చెడిపోలేదండీ, చెబుతోంది! చెడింది మందు."

ముద్ర ఒలిచి వేడి పళ్లెం మీద పెట్టింది. తడి ఆరేకొద్దీ ఎరుపు పోయి పచ్చదనం తిరిగొచ్చింది.

పెద్దావిడ కళ్లు మెరిశాయి. "దొంగ మందే కాదు, తడిసిన మందునీ పట్టిస్తుందా? నాకు ఇదే కావాలి."

"మా మొండిఘటం అంటే ఏమనుకున్నారు!" అని యజమాని ఛాతీ విరిచాడు.

"అయితే ఇక సీసం కొననని అందరి ముందూ అనండి" అంది మొండిఘటం.

నసిగాడు. పనివాళ్లంతా చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అన్నాడు. చప్పట్లకు రేకుల కప్పు అదిరింది.

ఇంట్లో అక్క ఆ ముద్రను చెల్లెలు తెచ్చిన ఊదారంగు దీపం కింద పట్టుకుంది. చెయ్యి వణికి, రెండో చేతిలోని గ్లాసు ఒలికింది. పచ్చ కాస్తా ఎరుపెక్కింది.

"అయ్యో, చెడగొట్టానే!"

"లేదక్కా, నీళ్లు ఒలికించావని చాడీ చెబుతోంది."

"నోరు చూడు దానికి! అచ్చం నీ పోలికే" అంది అక్క, దాన్ని గుండెకు హత్తుకుంటూ.