ఆఫ్రికాలో వెల్లుల్లి

నిన్న మా అమ్మాయి ఫోనులో భూగోళం తిప్పుతూ, "ఆఫ్రికాలో ఏం దొరుకుతాయమ్మా?" అని అడిగింది. బంగారం, వజ్రాలు, రాగి అని చెప్పాల్సింది. నా నోటికి మాత్రం "వెల్లుల్లి" అని వచ్చింది.

పాత పేపర్లు నానబెట్టి, మెంతులతో రుబ్బి బుట్టలు చేయడం మీ ఇళ్లలోనూ ఉండేది కదా. నౌపడలో ఉప్పు మళ్ల పక్కనే మా ఇల్లు. మామ్మ ఆ గుజ్జుతోనే నాకు బడికోసం ఆఫ్రికా పటం చేసిచ్చింది. సహారాకి ఇసుక, బంగారు గనులకి పసుపు, వజ్రాలకి మా ఊరి కల్లుప్పు. కిలిమంజారో అయితే నేను చెప్పినదానికంటే ఎత్తుగా లేచింది. చివర్న మామ్మ అంచు చుట్టూ గట్టు కట్టేసింది.

"అక్కడ సముద్రం మామ్మా, గట్టుండదు."

"గట్టు లేపోతే మడిలో ఉప్పు నిలుస్తాదేటే?"

బడినుంచి తెచ్చి గోడకి తగిలించిన పటంలో వానాకాలం చెమ్మకి వజ్రాలన్నీ కరిగిపోయాయి. అప్పుడు మామ్మ దాన్ని వంటింట్లోకి దింపింది. "ఒసే, ఆ ఆపిరికా ఇలా అట్టుకురా, ఎల్లుల్లి ఒలవాల" అనేది. ఒలిచేటప్పుడు ఆమె బొటనవేలు ఆనీ ఆనీ కిలిమంజారో చదునైపోయింది.

నిన్న ఫోనులో ఆ కొండ మళ్లీ ఎత్తుగా కనిపించింది. దాన్ని అరగదీసే వేలు ఇప్పుడు లేదు.