గురివింద గింజ ఏ గుంటలో ఉంది?

ఏడాదికోసారి మా పనసచెక్క వామనగుంటల పీటకు కొబ్బరినూనె రాస్తాను. నిన్న రాస్తుంటే గదంతా పాత వాసన కమ్ముకుంది. సినిమా కథలు రాయడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. వాళ్లకేం తెలుసు, నాకొచ్చిన విద్యంతా ఆ పద్నాలుగు గుంటల్లోనే ఉందని!

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో మాది అమలాపురం దగ్గర కాలవగట్టు ఊరు. ముసురు పట్టిన రోజుల్లో చూరు నీళ్లు ధారలు కడుతుంటే, నివురులో కాల్చిన పనసగింజలు ఊదుకుని తింటూ, వసారాలో మా మేనత్త రత్నం అత్తయ్యతో వామనగుంటలు ఆడేదాన్ని. ఆవిడ భర్త యుద్ధానికి ముందు రంగూన్ వెళ్లాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఆవిడ బొట్టు ఉంచాలో తీయాలో తెలియని పెద్దలు ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టేశారు. టీచరు ట్రైనింగుకు వెళ్తానంటే, "రేపు మీ ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పమంటావు?" అనేవారు తాతగారు. ఇక సినిమా మాట సరేసరి.

అందుకని డేరా సినిమా వచ్చినప్పుడల్లా నాన్నగారితో నేను వెళ్లి చూడటం, మర్నాడు అత్తయ్యకు చెప్పడం. మొదట్లో నా కథనం ఘోరంగా ఉండేది. "తర్వాత ఏడిచింది, తర్వాత పాట పాడింది, తర్వాత మళ్లీ ఏడిచింది" అంతే! విసుగొచ్చి ఓరోజు ఆవిడ పీట ముందుకు లాగింది.

"ఉండవే అమ్మడూ. ఎవరెక్కడున్నారో గింజలు పెట్టి చెప్పు."

అలా పుట్టింది మా పద్ధతి. ఒక్కో గుంట ఒక్కో చోటు: ఇల్లు, రేవు, కోర్టు కచేరీ. కథానాయిక గురివింద గింజ, దుర్మార్గుడు సీతాఫలం గింజ, మిగతా అందరూ చింతపిక్కలు. ఏ గింజా కదలకపోతే ఆ సన్నివేశం చెప్పకూడదు. కదిలితే ఎందుకో చెప్పాలి. "ఏం కావాలని వెళ్లిందే?" అని అడిగి, నేను నీళ్లు నమిలితే గింజను వెనక్కి పెట్టేసేది. పోనుపోను సినిమా చూస్తూనే మనసులో గింజలు జరుపుకోవడం అలవాటైంది.

ఒక సినిమాలో భర్త ఓడెక్కి వెళ్లిపోతాడు, కథానాయిక రేవులో ఎదురుచూస్తుంది. సరిగ్గా అక్కడే గాలివాన వచ్చి డేరా కూలింది. తెల్లారేసరికి డేరావాళ్లు సామాను పడవలకెక్కించి రాజోలు వెళ్లిపోయారు. చివరికేమైందో ఊళ్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు గురివింద గింజ రేవు గుంటలో ఆగిపోయింది. అత్తయ్య దాన్నే చూస్తోంది. భర్త తాలూకు చింతపిక్కను తెచ్చి పక్కన పెట్టి, "ఆయనొచ్చేశాడు అత్తయ్యా" అన్నాను.

"ఎందుకొచ్చాడు?"

ఆవిడ ఆ పిక్కను తిరిగి దూరంగా పెట్టింది. "అతని సంగతి మనకి తెలీదు. దీని సంగతి చూద్దాం" అని, గురివింద గింజను చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి ఒక ఖాళీ గుంటలో వేసింది. "ఇది బడి."

నేనూ వదల్లేదు. "ఏం కావాలని వెళ్లింది?"

"కూచుని కూచుని కాళ్లు తిమ్మిరెక్కేయే, అందుకని."

ఆ సాయంత్రమే తాతగారి ముందు నిలబడింది. "నాన్నగారండీ, నేను రాజమండ్రి ట్రైనింగుకి వెళ్తానండి. ఆయనొస్తే అక్కడికే రమ్మని చెప్పండి."

తాతగారు తాంబూలం నమలడం ఆపేశారు. "పడవెప్పుడమ్మా?" అన్నారు చివరికి.

మామయ్య రానేలేదు. టీచరమ్మ అయ్యాక అత్తయ్య నన్ను అమలాపురం తీసుకెళ్లి హాల్లో ఆ సినిమా పూర్తిగా చూపించింది. అందులో భర్త తిరిగొచ్చాడు. జనమంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ నా చెవిలో, "మనదే బాగుందే, అమ్మడూ" అంది.

ఇప్పుడు డేరాలు లేవు, పడవలు లేవు, గురివింద తీగలల్లుకున్న కంచెలు గోడలైపోయాయి. అత్తయ్యా లేదు. ఆవిడ లేని లోటు నాకు వానాకాలంలో మరీ తెలుస్తుంది. నిన్న ఒకమ్మాయి, తన కథానాయికను రైల్వే స్టేషనులో కూర్చోబెట్టేశాననీ, ఆపైన ఏం చెయ్యాలో తోచడం లేదనీ వచ్చింది. నూనె తడి ఆరని పీటను ముందుకు జరిపి, ఆమె కథలోని చోట్లకు తలో గుంటా చూపించి, మనుషుల చింతపిక్కలు సర్ది, "ఇది నీ కథానాయిక" అని గురివింద గింజ ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుని, నేనింకేమీ చెప్పకముందే అడిగింది:

"మేడమ్, ఇందులో ఖాళీ గుంట ఏది?"